రథియు తానే, సారథియు తానే: కదలుచు గురిచూచు విద్యకు బెంగుళూరుతో గల సంబంధము

సాహిత్యము, సంగీతము, నాట్యము మొదలగు సుకుమార విషయములకు నెలవైన యిట్టి సంచికలో పిస్తోలు మాట యేల వచ్చెనని మా పాఠకులలో కొందఱు ఆశ్చర్యపడవచ్చును. ఆ యాశ్చర్యము సహజమే. కాని మనము నివసించుచున్న యీ బెంగుళూరు నగరము రెండు ఊళ్ళు కలిసి యేర్పడినదను సంగతిని మనము తఱచుగా మఱచుచుందుము. ఒకటి కెంపెగౌడ నిర్మించిన పేట. రెండవది 1809వ సంవత్సరమున ఆంగ్లేయులు నెలకొల్పిన దండు. నేడు మహాత్మాగాంధి పేర వెలయుచున్న రాజవీథి 1948 వఱకు ‘సౌత్ పెరేడ్’ అను పేరనే యుండెడిది. సిపాయిలు కవాతు చేసిన మైదానము దాని ప్రక్కనే యున్నది. ఉల్సూరు చెరువు దరినున్న మద్రాసు సాపర్ల దళమునకు 1780 నాటి నుండి చరిత్ర కలదు. ఆ దళమున మన తెనుగు బిడ్డలు తరతరములుగా కొలువు చేసిరి. కావున ఈ నగరమున నివసించు తెలుగువారు ఆయుధవిద్యా చరిత్రమును ఒకింత తెలిసికొనుట అసందర్భము కాదని మా తలంపు.

ఆ విద్య సముద్రమువంటిది. మేము దానిలో ఒక చిన్న పాయను మాత్రమే యిచ్చట పరిశీలింపదలచితిమి. ఒక మనుష్యుడు ఒక చోట నిలిచి పిస్తోలు కాల్చి, అచ్చటినుండి వేఱొక చోటికి కదలి, మఱల కాల్చవలసి వచ్చినపుడు అతని కాలు, చేయి, కన్ను, వ్రేలు ఎట్లు ప్రవర్తింపవలెను? ఇదియే ప్రశ్న. చూచుటకు ఇది మిక్కిలి చిన్న ప్రశ్న. కాని దీనికి సరియైన సమాధానము కనుగొనుటకు మానవులకు కొన్ని శతాబ్దములు పట్టినది. ఆ సమాధానములోని ఒక ముఖ్యఘట్టము మన బెంగుళూరు దండులో కాపురమున్న యొక యువకుని జీవితముతో ముడివడి యున్నది.

మొదట మనకు పరిచితమైన చోటినుండి బయలుదేరుదము. మహాభారతమున ద్రోణాచార్యులు శిష్యులను పరీక్షించిన కథ బాలురకు సైతము తెలిసినదే. చెట్టుమీది పక్షి కదలదు, విలుకాడును కదలడు. ద్రౌపదీ స్వయంవరమున మత్స్యయంత్రము తిరుగును. విలుకాడు మాత్రము నిలిచియే యుండును. ఇక యుద్ధభూమిలో గురియు కదలును, విలుకాడును కదలును. ఈ కష్టమును మన పూర్వులు ఎట్లు తీర్చుకొనిరి? ఒక్క పనిని ఇద్దఱికి పంచి యిచ్చిరి. కదలించువాడు సారథి, కొట్టువాడు రథి. పగ్గములు పట్టిన చేతికి విల్లు లేదు. విల్లు పట్టిన చేతికి పగ్గములు లేవు. ఉత్తర గోగ్రహణ ఘట్టమును స్మరింపుడు. బృహన్నల సారథియై బయలుదేరెను. యుద్ధము చేయక తప్పదని తేలినపుడు అర్జునుడంతటివాడు సైతము రెండు పనులును తానే చేయ సాహసింపలేదు. భయముతో వణకుచున్న ఉత్తరునకు ధైర్యము చెప్పి, పగ్గములను అతని చేతికిచ్చిన పిదపనే గాండీవము నందుకొనెను. ఈ సంగతిలో కథాచమత్కారము మాత్రమే గాక, గొప్ప అనుభవసారము ఇమిడి యున్నది. గురి వేఱు, గమనము వేఱు. రెండును ఒక్కని చేతిలో పడినపుడు ఒకటి రెండవదానిని చెఱచును.

తుపాకి వచ్చిన తరువాత రథము పోయినది, సారథియు పోయెను. రెండు భారములును ఒక్క మనుష్యునిపై పడినవి. పదునెనిమిదవ శతాబ్దమున రాయదుర్గము, చిత్రదుర్గము మొదలగు పాళెగాండ్ర సీమలలో బోయవారు, బేడరులు తుపాకి పట్టుటలో పేరుగాంచిరి. 1779లో హైదరాలీ చిత్రదుర్గమును పట్టుకొని, వేలకొలది బేడరులను శ్రీరంగపట్టణమునకు తరలించి, వారి బాలురతో ప్రత్యేక దళములు కూర్చెను. ఆ కాలముననే ఉత్తరదేశమున కుంపిణీ సిపాయిని ‘తిలంగా’ అని పిలుచుట వాడుకయైనది. దక్షిణమున మొదట శిక్షణ పొందిన దళములలో తెనుగుదేశపువారు ఉండుటయే ఆ పేరునకు మూలము. ఒక జాతి పేరే ‘క్రమశిక్షణగల తుపాకి భటుడు’ అను నర్థమున ప్రచారమగుట సామాన్య విషయము కాదు.

నాటి వత్తి తుపాకి పట్టినవాని అవస్థ నొక్కసారి ఊహింపుడు. చేత నిప్పురాజుచున్న వత్తి, నడుమున మందుతిత్తి. కదలునపుడు ఆ రెండును తగులకుండ జూచుకొనుటయే అతనికి ప్రాణరక్షణము. కాల్చుటకంటె, కాల్పునకును కాల్పునకును నడుమ జాగ్రత్తగా నడచుటయే అతనికి కష్టతరమగు విద్య. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. మేము చెప్పదలచిన దంతయు దీని చుట్టునే తిరుగును.

పిమ్మట చెకుముకి పిస్తోలు వచ్చెను. నిప్పువత్తి బాధ తీఱినది; రౌతు దానిని జీనునకు కట్టిన యొఱలో ఉంచుకొనగలిగెను. టిప్పు సుల్తాను కర్మాగారములలో మిక్కిలి సుందరమగు పిస్తోళ్ళు తయారైనవి. వానిలో కొన్ని జంటలు విచిత్రమైనవి. ఒక దానికి చెకుముకి యంత్రము కుడివైపున ఉండును, రెండవదానికి ఎడమవైపున. అద్దములో ప్రతిబింబమువలె ఒకటి రెండవదానిని పోలియుండును. రెండు చేతులతోను బాణము వేయగల అర్జునునకు సవ్యసాచి యను బిరుదు గలదు. ఈ జంటను చూచినపుడు మాకు ఆ పేరే స్ఫురించినది. బెంగుళూరు పేటలో నేటికిని తారామండలపేట యను పేరు వినబడుచున్నది. టిప్పు కాలమున అగ్నిబాణముల తయారీకి ఆ పేరునకు సంబంధము కలదందురు. 1791వ సంవత్సరము మార్చి నెలలో కారన్‌వాలిసు సైన్యము మొదట పేటను, పిదప కోటను పట్టుకొన్నపుడు ఇట్టి ఆయుధములే ఇరువైపుల మ్రోగినవి.

అయినను చెకుముకి పిస్తోలు కదలువానికి మంచి నేస్తము కాదు. పళ్ళెములోని మందు గుఱ్ఱపు కుదుపునకు ఒలికిపోవచ్చును, వానకు తడిసిపోవచ్చును. ఒక్కసారి కాల్చిన పిమ్మట అది చేతికఱ్ఱతో సమానము. పరుగిడు గుఱ్ఱముపై మఱల దట్టించుట దాదాపు అసాధ్యము. కావున నాటి రౌతు శత్రువును మిక్కిలి సమీపించి, ఒక్క గుండు వదలి, కత్తి దూసెడివాడు. అతనికి కాల్పునకు కాల్పునకు నడుమ కాలము లేదు. రెండవ కాల్పే లేనపుడు నడిమి కాలమునకు శాస్త్ర మెట్లు పుట్టును? 1836లో అమెరికాలో సామ్యూలు కోల్టు తన తిరుగు పిస్తోలునకు హక్కుపత్రము పొందెను. అప్పటినుండి ఒకే యాయుధమున ఐదాఱు గుండ్లు వరుసగా పేల్చుట సాధ్యమైనది. అపుడు గాని మన ప్రశ్న స్పష్టముగా తలయెత్తలేదు: మొదటి గుండునకును రెండవ గుండునకును నడుమ ఏమి చేయవలెను?

ఇప్పుడు మన దండునకు వత్తము. 1896వ సంవత్సరము అక్టోబరు మాసమున నాలుగవ హుస్సారు దళము ఇంగ్లండునుండి ఓడలో బొంబాయి చేరి, బెంగుళూరునకు వచ్చినది. అందులో ఇరువదియొకటవ యేటనున్న సబాల్టరును ఒకడుండెను. అతని పేరు విన్‌స్టన్ చర్చిల్. బొంబాయి రేవున చిన్న పడవనుండి మెట్లపై కాలిడునపుడు అతడు గోడకున్న ఇనుపకడియమును పట్టుకొనెను. అలకు పడవ క్రుంగెను; కుడిభుజము కీలు తప్పెను. ఆ బాధ జీవితాంతము వెంటాడినది. బెంగుళూరులో అతడు ఇద్దఱు మిత్రులతో కలిసి ఒక బంగాళాలో కాపురముండెను. మధ్యాహ్నపు టెండలో గిబ్బను, మెకాలేల గ్రంథములు చదువుట, సాయంకాలమున పోలో ఆడుట అతని దినచర్య. చేయి విస్తారముగా చాపినచో కీలు తప్పును గనుక, భుజమును తోలుపట్టీతో బంధించుకొని యాడెడివాడు. పోలో క్రీడలో చేతులు బంతిపై నుండగా గుఱ్ఱమును మోకాళ్ళతోను, నడుముతోను నడపవలెను. రథియు తానే, సారథియు తానే యగు విద్యకు ఇంతకు మించిన పాఠశాల యెక్కడ దొరకును?

1897లో వాయవ్య సరిహద్దున మలకందు యుద్ధము చెలరేగినపుడు అతడు సెలవు పుచ్చుకొని, బెంగుళూరు స్టేషనున రైలెక్కి, రెండువేల మైళ్ళకు పైగా ప్రయాణము చేసి అక్కడికి చేరెను. సెప్టెంబరు 16వ తేదీన మామందు లోయలో ఒక చిన్న దళము వెనుకకు తగ్గుచుండగా, గాయపడిన యొక యధికారిని పఠాను వీరుడొకడు కత్తితో నఱికెను. చర్చిలు మొదట తన కత్తి దూసి ద్వంద్వయుద్ధమునకు సిద్ధపడెను. శత్రువులు మఱికొందఱు సమీపించుట చూచి మనస్సు మార్చుకొని తిరుగు పిస్తోలు తీసెను. తాను జాగ్రత్తగా గురిచూచి కాల్చితిననియు, ఫలము కనబడలేదనియు, మఱల కాల్చిన రెండవ గుండును వ్యర్థమయ్యెననియు, మూడవది తగిలెనో లేదో తనకు తెలియదనియు అతడు పిదప స్వీయచరిత్రలో దాపరికము లేక చెప్పుకొనెను. చేతిలో మంచి యాయుధమున్నది, ధైర్యమున్నది, గురియు దగ్గఱనే యున్నది. ఐనను గుండు తగులలేదు. పరుగునుండి నిలుకడకు, కత్తినుండి పిస్తోలునకు మాఱిన యా కొద్దిక్షణములలో శరీరము కుదుటపడకపోవుటయే దానికి కారణమని మా యూహ.

అతడు బెంగుళూరునకు తిరిగివచ్చి, ఆ యుద్ధమును గూర్చి తన మొదటి గ్రంథమును ఇచ్చటనే వ్రాసెను. అది 1898లో వెలువడినది. ఆ సంవత్సరమే అతడు సూడానులో కిచెనరు సేనాని దండయాత్రకు పోయి, 21వ లాన్సరు దళమున చేరెను. భుజము కారణముగా చేతులు కలియు పోరాటము సంభవించినచో తాను కత్తి వాడరాదని అతడు ముందే నిశ్చయించుకొనెను. లండనులో నాటికి సరిక్రొత్తదైన మౌజరు పిస్తోలు కొనెను. అది వరుసగా పది గుండ్లు పేల్చును. దాని యొఱ కొయ్యతో చేయబడినది. నైలు నది వెంబడి సాగిన ప్రయాణమంతయు అతడు దానితో శ్రద్ధగా అభ్యాసము చేసెను. మామందు లోయలో జరిగినది అతనికి పాఠమయ్యెనని మనము తలంపవచ్చును.

1898 సెప్టెంబరు 2వ తేదీ ఉదయము ఓమ్‌డర్మన్ యొద్ద లాన్సరులు శత్రువులపైకి గుఱ్ఱములను దుమికించిరి. ఎదుట కనబడినవారు కొద్దిమంది. కాని వారి వెనుక ఎండువాగులో రెండువేలకు మించిన దర్వీషులు దాగియుండిరి. దూరము కొన్ని వందల గజములు మాత్రమే. ఆ లోపల చర్చిలు చేయవలసిన పనులు చూడుడు. అధికారులందఱును కత్తులు దూసి నడచుచుండిరి. కావున అతడు మొదట ఆ కత్తిని ఒఱలో పెట్టవలెను. దుముకుచున్న గుఱ్ఱముపై ఇది సులభము కాదు. పిదప కొయ్యయొఱనుండి పిస్తోలు తీయవలెను. దాని సుత్తిని వెనుకకు లాగి సిద్ధము చేయవలెను. ఈ పనులన్నియు కన్ను శత్రువుపైనుండి తొలగింపకయే, పగ్గము వదలకయే జరుగవలెను. అతడు ఎక్కినది తడబాటెఱుగని యొక బూడిదవన్నె అరబ్బీ పోలో గుఱ్ఱము. బెంగుళూరు మైదానమున అలవడిన మోకాళ్ళ విద్య ఆ ఎండువాగులో అతనికి సారథియై నిలిచినది.

రెండు మూడు నిమిషములలో అంతయు ముగిసినది. ఎత్తిన కత్తితో ఒకడు ఎదురురాగా అతడు కాల్చెను. పిస్తోలు మొన ఆ మనుష్యుని తాకునంత దగ్గఱ. గుంపు దాటిన పిమ్మట అతడు గుఱ్ఱమును నడకకు తగ్గించి చుట్టును చూచెను. తన పిస్తోలు ఖాళీయైనదని గుర్తించి, మఱి దేనిని గూర్చియు ఆలోచింపక ముందు క్రొత్త తూటాల పట్టీని ఎక్కించెను. ఆ పిదపనే తన దళమును వెదకికొనుచు పోయెను. తల్లికి వ్రాసిన లేఖలో తాను సరిగా పది గుండ్లు కాల్చితినని చెప్పెను. ఆ దాడిలో లాన్సరులు సుమారు 70 మందిని, 120 గుఱ్ఱములను పోగొట్టుకొనిరి; ఆ లెక్కలో మరణించినవారును గాయపడినవారును చేరియున్నారు. అతనికి చిన్న గాయమైనను తగులలేదు.

లోకులు ఈ కథలో పది గుండ్లను మాత్రమే జ్ఞాపకముంచుకొందురు. మా దృష్టి వేఱు. ఒఱలో పెట్టిన కత్తి, ఒఱనుండి తీసిన పిస్తోలు, గుంపు దాటగనే ఎక్కించిన తూటాలు, ఇవి మూడును గుండ్లకు నడుమ జరిగిన పనులు. అవియే అతనిని కాపాడినవి. ఒక్క సంవత్సరము ముందు మామందు లోయలో రెండు గుండ్లు వ్యర్థమైన చేయియే ఇది. మాఱినది చేయి కాదు. నడిమి కాలమున ఆ చేతికి అలవడిన క్రమము మాఱినది.

ఇచ్చట మే మొక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. చర్చిలును పొగడుట మా యుద్దేశము కాదు. మన స్వాతంత్ర్యమునకు అతడు చివరివఱకు విరోధియే. ఓమ్‌డర్మన్ యుద్ధమును వీరగాథగా తలంచుటయు మా యుద్దేశము కాదు. ఆనాడు దర్వీషులు పదివేలకు మించి మడిసిరి; ఆంగ్లో ఈజిప్షియను సైన్యమున మృతులు ఏబదికి లోపు. ఫిరంగులును, మరతుపాకులును దూరమునుండి చేసిన పని అది. గాయపడిన శత్రువులయెడ జరిగిన క్రౌర్యమును చర్చిలే 1899లో తన గ్రంథమున ఖండించెను. గురి తెలిసినంతమాత్రమున ధర్మము తెలియదు. ఈ విద్యను మెచ్చుకొనుచునే దానిని వినియోగించిన కార్యమును తూచవలసిన బాధ్యత చరిత్ర వ్రాయువానిపై కలదు.

కాల్చుటకంటె కాల్చకుండుటయే గొప్ప విద్యయను సంగతికి మన యాంధ్రదేశమున వేఱొక నిదర్శనము కలదు. అది పిస్తోలు కథ కాదు. పోలీసు ఠాణాలనుండి తెచ్చిన తుపాకుల కథ. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు అనుచరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా పడి తుపాకులను సంపాదించిరి. సెప్టెంబరు 24వ తేదీన దామనపల్లి కనుమలో వారు పొంచియుండి, ముందు నడచిన దేశీయ పోలీసులను పోనిచ్చి, వెనుకవచ్చు తెల్ల యధికారులపై మాత్రమే కాల్చిరి. స్కాట్ కవర్డు, హైటరు అను నిరువురు మరణించిరి. తుపాకి గురిలోనికి మనుష్యులు ఒకరి వెంట నొకరు వచ్చుచుండగా, వ్రేలిని నిలిపి, వేచియుండుట యెంత కష్టమో యోచింపుడు. కొండదారులలో నొక చోటినుండి వేఱొక చోటికి మాఱుచు పోరాడిన యా మన్యవీరుల శిక్షణ యంతయు ఆ నిలిపిన వ్రేలిలో నున్నది.

ఇక ఈ విద్య శాస్త్రముగా మాఱిన విధమును చెప్పి ముగింతుము. ఇరువదవ శతాబ్దపు మొదటి భాగమున చైనాలోని షాంఘై నగరపు పోలీసు అధికారులైన ఫెయిర్‌బెయిర్ను, సైక్సు అనువారు వీథిపోరాటముల అనుభవమునుండి పిస్తోలు శిక్షణకు క్రొత్త పద్ధతులు కల్పించి, 1942లో గ్రంథముగా ప్రకటించిరి. కదలక నిలిచి కాగితపు చక్రముపై గురిచూచు అలవాటు నిజమైన అపాయమున చాలదని వారు వాదించిరి. 1976లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమున కొలంబియా పట్టణమందు జరిగిన సభలో ఈ విద్యకు అంతర్జాతీయ క్రీడాసమాఖ్య ఏర్పడినది. జెఫ్ కూపరు దానికి మొదటి అధ్యక్షుడు. సూక్ష్మత, బలము, వేగము అను మూడింటిని ఆ సమాఖ్య తన ధ్యేయముగా లాటిను భాషలో వ్రాసికొన్నది. అందు పోటీదారుడు ఒక తెఱ చాటునుండి మఱియొక తెఱ చాటునకు పరుగెత్తుచు కాగితపు గుఱులను కాల్చును. అతడు సంపాదించిన మార్కులను అతనికి పట్టిన సెకండులతో భాగించి ఫలితము నిర్ణయింతురు. తొందరపడి గురి తప్పినవానికిని, గురి కుదిరినను ఆలస్యము చేసినవానికిని నష్టమే.

ఆ క్రీడలోని కఠిన నియమములు గమనింపదగినవి. కదలునపుడు వ్రేలు మీటను ఆవరించిన కమ్మికి వెలుపల, పరులకు కనబడునట్లు ఉండవలెను. పిస్తోలు మొన ఎల్లపుడును నిర్ణీతమగు సురక్షిత దిశయందే ఉండవలెను. ఇందేది తప్పినను, ఒక్క గుండైనను పేలకపోయినను, పోటీదారుని ఆ పోటీనుండి వెంటనే తొలగింతురు. గురి తప్పినవాడు కొన్ని మార్కులు మాత్రమే పోగొట్టుకొనును. నడకలో అజాగ్రత్త చూపినవాడు సర్వమును పోగొట్టుకొనును. వత్తి తుపాకి కాలమున మందుతిత్తికి నిప్పు తగులకుండ నడచిన బోయవాని జాగ్రత్తయే ఇచ్చట నియమరూపము దాల్చినది.

అభ్యాసము చేయు పద్ధతియు తెలియదగినదే. మొదట తూటాలు లేని పిస్తోలుతో, గురువు పర్యవేక్షణలో, నడక మాత్రమే నేర్తురు. మోకాళ్ళు కొంచెము వంచి, మడమనుండి వ్రేళ్ళవఱకు పాదమును మెల్లగా దొరలించుచు అడుగు వేయవలెను. నడుము క్రిందిభాగము కదలుచుండగా పైభాగము నిశ్చలముగా నుండవలెను. మన పల్లెలలో నిండుకడవ నెత్తిన పెట్టుకొని గట్లవెంట నడచు స్త్రీలను చూడనివారుందురా? అడుగులు తడబడవచ్చును; నీరు మాత్రము ఒలుకదు. కుదుపునంతటిని మోకాళ్ళును, నడుమును మ్రింగివేయును. పిస్తోలు గురువు అడుగునది సరిగా ఆ కడవను మోసిన నడకనే. తరువాతి పాఠము చోటు మాఱుట. కాల్చినంతనే కన్ను ముందుగా చేరవలసిన చోటును చూడవలెను. వ్రేలు మీటను వీడవలెను. కాళ్ళు అపుడు కదలవలెను. తూటాలు మార్చవలసియున్నచో ఆ పని నడుచుచుండగనే ముగియవలెను. చేరవలసిన చోటికి రెండడుగుల దూరమున వేగము తగ్గించి, పిస్తోలును కంటియెత్తునకు తెచ్చుకొనవలెను. కాళ్ళు నిలుచునప్పటికి గురి కుదిరియుండవలెను. ఇవియన్నియు అలవాటయ్యెనని గురువు తృప్తిపడిన తరువాతనే తూటా దొరకును.

ఒలింపిక్సు క్రీడలలోని పిస్తోలు పోటీ దీనికి భిన్నమైనది. అందు పాదములు కదలవు. హైదరాబాదు బిడ్డ ఈషా సింగు 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు పోటీయందు రజతమును, జట్టు పోటీయందు స్వర్ణమును సాధించినది. ఆ పోటీ రెండవభాగమున గురి మూడు సెకండులు మాత్రమే కనబడును. ఆ లోపల దించియున్న చేతిని ఎత్తి ఒక్క గుండు కాల్చవలెను. మన బెంగుళూరువాడగు ప్రకాశ్ నంజప్ప 2014లో గ్లాస్గో కామన్‌వెల్తు క్రీడలలో 10 మీటర్ల వాయు పిస్తోలు పోటీయందు రజతము గైకొనెను. వీరి చేయి కదలును, లేదా అదియు కదలదు. పాదములు మాత్రము నాటిన స్తంభములే. పరుగును, గురియు కలసిన పోటీ ఒలింపిక్సునందు ఒకటి కలదు. అది ఆధునిక పంచక్రీడలలోని భాగము. 2012 లండను ఒలింపిక్సున మొదటిసారిగా పరుగును, పిస్తోలు గురిని ఒక్కటిగా కలిపిరి. పరుగెత్తి రొప్పుచు వచ్చినవాడు నిలిచి, గుండెదడ నడచి, ఐదు గుఱులను కొట్టి, మఱల పరుగెత్తును. ఆ పిస్తోలులో తూటా లేదు; కాంతికిరణము మాత్రమే. చంపుటకు పుట్టిన యాయుధమునుండి చావును తీసివేసి, విద్యను మాత్రము నిలుపుకొన్న యీ మార్పు మాకు మిక్కిలి సంతోషము గొలిపినది.

ఆయుధమును లైసెన్సు లేక ఉంచుకొనుటకు 1959 నాటి ఆయుధముల చట్టము ఒప్పదు, ఒప్పుకొనకుండుటయే మంచిది. మా పాఠకులలో పిస్తోలు పట్టవలసిన యవసరము నూటి కొక్కరికైనను కలుగదు. అయినను ఈ చరిత్రమునందు అందఱికి పనికివచ్చు నీతి యొకటి కలదని మా విశ్వాసము. మనుష్యుని శక్తి అతడు వదలిన బాణములలో కనబడును. అతని శీలము బాణమునకు బాణమునకు నడుమ కనబడును. రచయితకు వాక్యమునకు వాక్యమునకు నడుమ, గాయకునకు స్వరమునకు స్వరమునకు నడుమ, గృహస్థునకు కోపమునకు మాటకు నడుమ ఆ యెడము ఉండనే యున్నది.

సాయంకాలవేళ పెరేడు మైదానము ప్రక్కగా నడచిపోవునపుడు మాకు రెండు రూపములు స్ఫురించుచుండును. ఒకటి భుజమునకు పట్టీ కట్టుకొని, మోకాళ్ళతో గుఱ్ఱమును నడపుచున్న పరదేశపు యువకుడు. రెండవది నిప్పువత్తిని మందుతిత్తికి దూరముగ పట్టుకొని అడుగులో అడుగు వేయుచున్న మన బోయసిపాయి. వారిలో ఒకడు సామ్రాజ్యమును నిలుపుటకు వచ్చినవాడు. రెండవవాడు తన కొండకోటను పోగొట్టుకొన్నవాడు. వారి న్యాయములు వేఱు; వారికి కాలము పెట్టిన పరీక్ష ఒక్కటే. సారథి లేని కాలమున పుట్టినవారు తమ పగ్గములను తామే పట్టుకొనవలెను. ఆ పగ్గములు చేజాఱకుండుటయే గురికన్న ముందు నేర్వవలసిన విద్య.